మలేరియా పరిశోధనలు – నోబెల్ గుర్తింపు

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివిన వారికి ప్లాస్మోడియం జీవితచక్రం పటం గుర్తుండే ఉంటుంది. ఒకవైపు మనిషి, మరోవైపు ఎనాఫిలిస్ ఆడదోమ, రెండింటినీ కలుపుతూ గుండ్రంగా తిరిగే బాణం గుర్తులు. ఆ పాఠం చదవని వారు కంగారు పడనవసరం లేదు. ఇక్కడ కావలసినంత మళ్ళీ చెప్పుకొంటాం. ఆ పటాన్ని పరీక్ష కోసం గీసేటప్పుడు మనకు సాధారణంగా రాని సందేహం ఒకటి ఉంది. ఈ బాణాలను మొదట గీసింది ఎవరు? ఒక్కొక్క బాణం వెనుక ఒక పరిశోధకుడో, ఒక బృందమో ఉంది. కొన్ని బాణాలకు నోబెల్ బహుమతి వచ్చింది, కొన్నింటికి రాలేదు.

జీవవైద్య పరిశోధనలో గుర్తింపు ఎలా దక్కుతుందో తెలుసుకోవడానికి ఈ పాఠంలో మలేరియాను ఉదాహరణగా తీసుకొన్నాం. 1902, 1907, 1927, 1948, 2015 సంవత్సరాలలో ఇచ్చిన వైద్య నోబెల్ బహుమతులు ఏదో ఒక రకంగా ఈ వ్యాధితో ముడిపడినవే. పైగా, వీటిలో మొదటి బహుమతికి దారితీసిన పరిశీలన సికింద్రాబాదులో జరిగింది.

చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. బహుమతి పొందిన వ్యక్తి ఖచ్చితంగా దేనిని రుజువు చేశాడు? దేనిని రుజువు చేయలేదు? "మలేరియా దోమల వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ కనుగొన్నాడు" అని మనం ఒక్క వాక్యంలో రాసేస్తాం. ఆ వాక్యం తప్పు కాదు. అయితే అది ఎంతవరకు సరిపోతుందో ఈ పాఠం పూర్తయ్యాక మీరే నిర్ణయించండి.

1. రక్తంలో నల్లరేణువులు

మలేరియా అనే మాట ఇటాలియన్ భాష నుంచి వచ్చింది. చెడ్డ గాలి అని దాని అర్థం. చిత్తడి నేలల నుంచి లేచే ఆవిరి వల్ల చలిజ్వరం వస్తుందని ఐరోపాలో వందల ఏళ్ళు నమ్మారు. దీనిని వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. నీరు నిలిచే చోట జ్వరాలు ఎక్కువ, నీరు తీసేసి ఎండగట్టిన చోట తక్కువ అనే పరిశీలన సరైనదే. పొరపాటు జరిగింది కారణం చెప్పడంలో. నీటికీ జ్వరానికీ మధ్యనున్న దోమను లెక్కలోకి తీసుకోలేదు. కారణం తెలియకపోయినా మందు మాత్రం ఉంది. సింకోనా చెట్టు బెరడును చాలాకాలంగా వాడుతూనే ఉన్నారు. 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు దాని నుంచి క్వినైన్‌ను వేరుచేశారు.

మలేరియాతో చనిపోయినవారి శరీరాలను పరీక్షించిన వైద్యులకు ప్లీహం, మెదడు వంటి అవయవాలు నల్లబారి కనిపించేవి. రక్తంలో కూడా నల్లని రేణువులు ఉండేవి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో పందొమ్మిదో శతాబ్దం మధ్య నాటికి ఎవరికీ అంతుపట్టలేదు. ఈనాడు మనకు తెలుసు. పరాన్నజీవి ఎర్రరక్తకణంలోకి ప్రవేశించి అక్కడి హీమోగ్లోబిన్‌ను తింటుంది. హీమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ భాగం దానికి ఆహారం. ఇనుము ఉన్న హీమ్ భాగం మాత్రం దానికి విషం. ఆ విషం నుంచి తప్పించుకోవడానికి పరాన్నజీవి హీమ్‌ను కరగని స్ఫటికాలుగా మార్చి పక్కన పడేస్తుంది. వాటినే హీమోజాయిన్ అంటారు. భోజనం తరవాత విస్తరి అంచున మిగిలే ఎముకముక్కల వంటివన్నమాట. ఈ నల్లరేణువులను గుర్తుపెట్టుకోండి. పాఠం చివరి దాకా ఇవి మనతో వస్తాయి.

అల్ఫోన్స్ లావెరాన్ ఫ్రెంచి సైన్యంలో వైద్యుడు. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణంలో సైనికుల ఆసుపత్రిలో పనిచేస్తూ ఈ రేణువుల మూలం వెతకసాగాడు. 1880 నవంబరు 6న ఒక సైనికుడి రక్తపుచుక్కను ఎలాంటి రంగూ వేయకుండా తాజాగా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. నల్లరేణువులు ఉన్న ఒక గుండ్రని కణం నుంచి కొరడా తాళ్ళ వంటి సన్నని పోగులు బయటికి వచ్చి చురుకుగా కొట్టుకోసాగాయి. అంటే ఆ కణం ప్రాణం ఉన్నది. అది శరీరకణం కాదు, రక్తంలో నివసిస్తున్న వేరే జీవి.

ఆ రోజు లావెరాన్ చూసింది పురుష సంయోగబీజాలు విడుదలయ్యే దృశ్యం. సహజంగా అది మనిషి శరీరంలో జరగదు. రక్తం దోమ పొట్టలోకి చేరి చల్లబడిన తరవాత జరుగుతుంది. గాజుపలక మీద కూడా రక్తం చల్లబడుతుంది కనుక అక్కడా జరిగింది. అంటే దోమ పొట్టలో జరగవలసిన పని లావెరాన్ గాజుపలక మీద జరిగిందన్నమాట. రక్తాన్ని ఆరబెట్టి, రంగు వేసి చూసినవారికి ఈ కదలిక కనిపించే అవకాశమే లేదు.

అయినా వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. అప్పటికి వ్యాధులన్నింటికీ బాక్టీరియాలే కారణమనే ఊపు బలంగా ఉంది. రోమ్ దగ్గరి చిత్తడి నేలల్లో మలేరియా బాక్టీరియా దొరికిందని 1879లోనే ప్రకటన కూడా వచ్చింది. లావెరాన్ చెప్పిన ఏకకణజీవి నిలదొక్కుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇటలీలో కామిల్లో గాల్జీ, పరాన్నజీవులు ఎర్రరక్తకణాలను ఒక్కసారిగా పగలగొట్టుకొని బయటికి వచ్చే సమయానికే చలి, జ్వరం వస్తాయని 1880ల మధ్యలో చూపించాడు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరానికి, రెండు రోజులు విడిచి వచ్చే జ్వరానికి మధ్య తేడాకు అర్థం అప్పుడు తెలిసింది. (గాల్జీకి 1906లో నోబెల్ వచ్చింది. అయితే అది నాడీవ్యవస్థ నిర్మాణం మీద చేసిన పనికి, మలేరియాకు కాదు.)

2. మాన్సన్ ఊహ

పరాన్నజీవి రక్తంలో ఉంది. మరి ఒకరి రక్తం నుంచి మరొకరి రక్తంలోకి ఎలా వెళుతోంది? పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ వైద్యుడు చైనాలోని అమోయ్ రేవుపట్టణంలో పనిచేసినప్పుడు, బోదకాలు కలిగించే ఫైలేరియా పురుగులు దోమలో పెరుగుతాయని 1870ల చివరలో గమనించాడు. ఒక కీటకం లోపల మనిషి పరాన్నజీవి పెరుగుతుందని చూపిన తొలి పరిశీలనలలో ఇది ముఖ్యమైనది. మలేరియాకు కూడా దోమే నిలయమని ఆయన ఊహించాడు.

ఊహలో సగం సరైనది, సగం కాదు. దోమ జీవితంలో ఒక్కసారే రక్తం తాగుతుందని, తరవాత నీటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుందని ఆయన అనుకొన్నాడు. కాబట్టి దోమ చచ్చిన నీటిని తాగడం వల్ల మనిషికి వ్యాధి వస్తుందన్నాడు. 1894లో లండన్‌లో తనను కలిసిన ఒక సైనిక వైద్యుడికి ఆయన సూక్ష్మదర్శినిలో మలేరియా పరాన్నజీవులను స్వయంగా చూపించాడు, దోమ ఊహనూ చెప్పాడు. ఆ వైద్యుడే రొనాల్డ్ రాస్.

3. సికింద్రాబాదులో

రాస్ 1857లో హిమాలయ ప్రాంతంలోని ఆల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. రాస్‌కు వైద్యం కంటే కవిత్వం, గణితం మీద మక్కువ ఎక్కువ. తండ్రి మాట మీద వైద్యం చదివి 1881లో భారతీయ వైద్య సేవలో చేరాడు. 1895లో సికింద్రాబాదు కంటోన్మెంటుకు తిరిగివచ్చాక రోగులను దోమలతో కుట్టించి, ఆ దోమలను కోసి చూడడం మొదలుపెట్టాడు. మాన్సన్ చెప్పినట్లు దోమలు చచ్చిన నీటిని కొందరికి తాగించి కూడా చూశాడు. అందులో తేలిందేమీ లేదు.

రెండేళ్ళు గడిచినా ఫలితం రాలేదు. మధ్యలో బెంగుళూరులో వేరే పనులు మీద పడ్డాయి. 1897లో నీలగిరుల దగ్గర తనకే మలేరియా వచ్చింది. ఇంతకాలం ఫలితం రాకపోవడానికి కారణం ఈనాడు సులువుగా చెప్పవచ్చు. ఆయన కోసిన దోమలలో ఎక్కువ భాగం క్యూలెక్స్, ఈడిస్ రకాలవి. వాటిలో మనిషి మలేరియా పరాన్నజీవి పెరగదు. కాని ఆయన కీటకశాస్త్రం చదివినవాడు కాదు. దోమలన్నీ ఒకటి కావని అనుభవం మీద తెలుసుకోవలసి వచ్చింది.

1897 ఆగస్టులో ఆయనకు రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు దొరికాయి. వాటిని లార్వాల నుంచే పెంచారు. ఇది చిన్న విషయంగా కనిపించినా ప్రయోగానికి ప్రాణం ఇక్కడే ఉంది. బయట పట్టుకొన్న దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో మనకు తెలియదు. లార్వా నుంచి పెంచిన దోమ తాగిన మొదటి రక్తం మనం తాగించినదే. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఈ దోమలతో కుట్టించారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతడికి డబ్బు ఇచ్చారు. తరవాత రోజుల్లో రాస్ ఆ దోమలను ఒక్కొక్కటిగా కోస్తూ వచ్చాడు. ఎండాకాలం పోయినా ఉక్క తగ్గలేదు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కనుక పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయని ఆయనే తరవాత రాసుకొన్నాడు.

ఆగస్టు 20న, అంటే రక్తం తాగిన నాలుగో రోజున, ఒక దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వందల దోమలను కోసిన ఆ కళ్ళకు అవి కొత్తవి. వాటి లోపల నల్లరేణువులు ఉన్నాయి. మరునాడు, ఆగస్టు 21న, ఇంకొక దోమను కోసి చూస్తే అవే కణాలు ముందురోజు కంటే పెద్దవిగా ఉన్నాయి. ఆగస్టు 20ని ఈనాడు ప్రపంచ దోమల దినంగా జరుపుకొంటున్నారు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో ఉన్న భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. హైదరాబాదులో ఉన్న మీలో చాలామంది దాని పక్కగా వెళ్ళే ఉంటారు.

4. ఆ రోజు ఏం రుజువైంది?

ఇక్కడ కాసేపు ఆగండి. తరవాతి పేరా చదవకముందు ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో "రాస్ చూసినవి", మరొకదానిలో "చూడనివి" అని రాసి నింపండి.

రాస్ చూసింది ఇది. ఒక ప్రత్యేక రకం దోమ మలేరియా రోగి రక్తం తాగిన తరవాత, దాని పొట్ట గోడలో నల్లరేణువులున్న కణాలు ఏర్పడి రోజురోజుకూ పెరుగుతున్నాయి. నల్లరేణువులు హీమోగ్లోబిన్ తిన్నందుకు గుర్తు. దోమ శరీరంలో సహజంగా ఉండే కణాలకు అవి ఉండవలసిన పని లేదు. కాబట్టి ఈ కణాలు రోగి రక్తం నుంచి వచ్చిన పరాన్నజీవులే అయి ఉండాలి. తర్కం బలంగానే ఉంది.

చూడనివి ఎన్నో ఉన్నాయి. ఆ కణాలు పెరిగి చివరికి ఏమవుతాయో ఆయనకు తెలియదు. అవి దోమ నుంచి మనిషిలోకి తిరిగి ఎలా వస్తాయో తెలియదు. కాటు ద్వారానా, నీటి ద్వారానా, మరో దారి ఏదైనా ఉందా? ఆ దోమ పేరు ఎనాఫిలిస్ అని కూడా ఆయనకు అప్పుడు తెలియదు. రెక్కల మచ్చలను, గుడ్ల ఆకారాన్ని మాత్రమే వర్ణించగలిగాడు. అన్నింటికంటే ముఖ్యంగా, దోమ కాటు వల్ల ఒక్క మనిషికి కూడా మలేరియా వచ్చినట్లు ఆయన చూపలేదు. 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆయన వ్యాసం శీర్షిక కూడా ఒదిగే ఉంది. మలేరియా రక్తం తాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్రమైన రంజకకణాల గురించి అని మాత్రమే ఆ శీర్షిక చెబుతుంది. రెండంటే రెండే దోమలు. తరవాతి కాలంలో ఈ ఒదుగు ఆయన రాతల్లో అంతగా కనిపించదు.

మీరు నింపిన వరుసలను దీనితో పోల్చుకోండి. "చూడనివి" వరుస పొడవుగా వచ్చి ఉంటే మీరు సరిగానే ఆలోచించారు.

5. కలకత్తా పిచ్చుకలు, రోమ్ దోమలు

ఆగస్టులో ఫలితం వస్తే సెప్టెంబరులోనే రాస్‌కు రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ అయింది. అక్కడ మలేరియా తక్కువ. పని ఆగిపోయింది. మాన్సన్ లండన్ నుంచి పట్టుబట్టి ప్రయత్నించిన మీదట, 1898 ఆరంభంలో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికింది. అక్కడ మరో చిక్కు వచ్చింది. ప్లేగు టీకాల భయం వల్ల సూది అంటేనే ప్రజలు దూరంగా జరిగేవారు. రక్తపుచుక్క ఇచ్చే రోగులు కరువయ్యారు.

అప్పుడు రాస్ పక్షుల వైపు తిరిగాడు. పిచ్చుకలు, కాకులు, భరతపక్షుల వంటి వాటికి కూడా మలేరియా వంటి వ్యాధి వస్తుంది. దానికి కారణమైన పరాన్నజీవి మనిషి పరాన్నజీవికి దగ్గరి బంధువు. దానిని మోసేది క్యూలెక్స్ దోమ. సహాయకుడు మహమ్మద్ బక్ష్ పక్షులను, దోమలను సమకూర్చేవాడు. ఈ వరుసలో పొట్ట గోడలోని కణాలు పెరిగి పగలడం, వాటి నుంచి సన్నని కడ్డీల వంటివి వేల సంఖ్యలో బయటికి రావడం రాస్ చూశాడు. ఈనాడు వాటిని స్పోరోజాయిట్లు అంటున్నాం. అవి దోమ శరీరమంతటా వ్యాపించి చివరికి ఒక గ్రంథిలో చేరుతున్నాయి. 1898 జులైలో ఆ గ్రంథి ఏదో తేలింది. అది లాలాజల గ్రంథి. దాని నాళం తొండంలోకి తెరుచుకొంటుంది. నీరు కాదు, గాలి కాదు, కాటే దారి. ఆ దోమలతో కుట్టించిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు వ్యాధి వచ్చింది. ఆ నెలలోనే ఎడిన్‌బరో వైద్యసభలో మాన్సన్ ఈ విషయం ప్రకటించాడు.

చక్రం పూర్తయింది. అయితే అది పక్షుల చక్రం.

మనిషి చక్రాన్ని పూర్తిచేసింది రోమ్‌లో జొవాన్ని బత్తిస్తా గ్రాస్సి, బిన్యామి, బాస్తియానెల్లి. గ్రాస్సి జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన అడిగిన ప్రశ్న వేరు. దోమలు అంతటా ఉన్నాయి, మలేరియా అంతటా లేదు. మరి మలేరియా ఉన్న ఊళ్ళలో ఉండి, లేని ఊళ్ళలో లేని దోమ ఏది? ఇటలీలో ఊరూరా తిరిగి పోల్చి చూస్తే అనుమానం ఎనాఫిలిస్ మీద నిలిచింది. 1898 నవంబరులో, మలేరియా ప్రాంతం నుంచి తెచ్చిన దోమలు కుట్టడం వల్ల రోమ్ ఆసుపత్రిలో ఒక ఆరోగ్యవంతుడికి జ్వరం వచ్చిందని ఈ బృందం ప్రకటించింది. మనిషి పరాన్నజీవి ఎనాఫిలిస్‌లో పొట్ట నుంచి లాలాజల గ్రంథి వరకు ఎలా పెరుగుతుందో కూడా వారు క్రమంగా చూపించారు. 1900లో రైల్వే ఉద్యోగుల ఇళ్ళకు కిటికీలకు, తలుపులకు తెరలు బిగించి, దోమను ఆపితే వ్యాధిని ఆపవచ్చని గ్రాస్సి ఆచరణలో చూపాడు. అదే సంవత్సరం ఇటలీ నుంచి పెట్టెలో లండన్‌కు పంపిన దోమలతో మాన్సన్ తన కొడుకునే కుట్టించాడు. మలేరియా లేని నగరంలో ఆ యువకుడికి మలేరియా వచ్చింది. క్వినైన్‌తో తగ్గింది.

అణాకు కాటు వేయించుకొన్న హుసేన్ ఖాన్, రోమ్‌లోని ఆ రోగి, మాన్సన్ కొడుకు, వీరందరి విషయంలో ఈనాటి నియమాలు వేరు. ఇప్పుడైతే నీతిసంఘం అనుమతి, అన్నీ వివరించి తీసుకొన్న రాతపూర్వక సమ్మతి లేకుండా అలాంటి ప్రయోగం మొదలుపెట్టనివ్వరు. అణాలు ఎరగా చూపి రోగిని ఒప్పించడాన్ని అసలే ఒప్పుకోరు.

6. 1902 బహుమతి, తరవాతి తగాదా

వైద్యంలో నోబెల్ బహుమతులు 1901లో మొదలయ్యాయి. రెండో ఏడాది, 1902లో, బహుమతి రాస్‌కు వచ్చింది. ఒక్కడికే. మలేరియా శరీరంలోకి ఎలా ప్రవేశిస్తుందో చూపి, ఆ వ్యాధిపై పరిశోధనకు, నివారణకు పునాది వేసినందుకు అన్నది ఆ బహుమతికి చెప్పిన కారణాల సారాంశం. పిచ్చుకల ప్రస్తావన అందులో లేదు.

గ్రాస్సిని కూడా చేర్చాలనే వాదన నడిచింది. ఆ కాలంలో గొప్ప పేరున్న జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ రాస్ పక్షం వహించాడు. బహుమతికి ముందూ తరవాతా కూడా రాస్, గ్రాస్సి ఒకరినొకరు అచ్చులోనే తిట్టుకొన్నారు. గ్రాస్సి తన పనిని కాజేశాడని రాస్ జీవితాంతం అంటూనే ఉన్నాడు. పరాన్నజీవి దోమలో పెరిగే దారిని, బయటికి వచ్చే దారిని ముందుగా చూపింది రాస్. అది ఊహ కాదు, అచ్చయిన తేదీలతో సహా ఉన్న రుజువు. అయితే మనిషికి మలేరియా తెచ్చేది ఏ దోమ అనే ప్రశ్నకు నిలకడైన సమాధానం ఇచ్చింది ఇటలీ బృందం. ఆ సమాధానం లేకుండా నివారణ లేదు. ఇద్దరికీ కలిపి ఇచ్చి ఉంటే బాగుండేదని ఈ పాఠ్యరచయిత అభిప్రాయం. మీరు దీనితో ఏకీభవించనవసరం లేదు. కారణాలు చెప్పగలిగితే చాలు.

లావెరాన్‌కు 1907లో, అంటే పరాన్నజీవిని చూసిన 27 ఏళ్ళకు బహుమతి వచ్చింది. రెండో మెట్టు ఎక్కినవాడి తరవాత ఐదేళ్ళకు మొదటి మెట్టు ఎక్కినవాడికి! ఆయన ఆ డబ్బులో సగాన్ని పాస్చర్ సంస్థలో ఉష్ణమండల వ్యాధుల ప్రయోగశాలకు ఇచ్చాడు. మాన్సన్‌కు నోబెల్ రాలేదు. మహమ్మద్ బక్ష్ పేరు చాలా పాఠ్యపుస్తకాల్లో కూడా లేదు.

ఆ చక్రంలో మరో ముక్క మిగిలిపోయిందని గమనించారా? దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు. ఆ మధ్య రోజుల్లో పరాన్నజీవి ఎక్కడ దాక్కుంటుంది? కాలేయంలో. మనిషి మలేరియాలో ఈ దశను షార్ట్, గార్న్‌హామ్ 1948లో చూపారు. అంటే రాస్ బహుమతి అందుకొన్న 46 ఏళ్ళకు. దానికి నోబెల్ లేదు.

7. మధ్యలోని రెండు బహుమతులు

1927 బహుమతి వియన్నా మానసిక వైద్యుడు వాగ్నర్-యౌరెగ్‌ది. సవాయి వ్యాధి మెదడుకు పాకి మతి చలించిన రోగులకు ఆయన 1917 నుంచి కావాలనే మలేరియా ఎక్కించి, తీవ్రజ్వరం తెప్పించి, తరవాత క్వినైన్‌తో ఆపేవాడు. వేరే మందు లేని రోజుల్లో కొందరికి మేలు జరిగింది, కొందరు చనిపోయారు. పెన్సిలిన్ రావడంతో ఈ చికిత్స కనుమరుగైంది. ఒక కాలంలో గొప్పదిగా తోచినది తరవాత చదివేటప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టవచ్చు.

1948 బహుమతి స్విట్జర్లండ్ రసాయనవేత్త పాల్ ముల్లర్‌కు వచ్చింది. డి.డి.టి. తాకితేనే కీటకాలు చస్తాయని ఆయన 1939లో కనుగొన్నాడు. ఈ కథ మన దేశానికి దగ్గరిది. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఇంటింటికీ వచ్చి గోడలకు డి.డి.టి. కొట్టారు. పెద్దవాళ్ళను అడిగితే ఆ తెల్లటి మరకలు ఇప్పటికీ చెబుతారు. 1965 నాటికి దేశంలో కేసులు సుమారు లక్షకు దిగాయి. 1976 నాటికి మళ్ళీ 64 లక్షలు దాటాయి. దోమలు డి.డి.టి.ని తట్టుకోవడం నేర్చుకొన్నాయి. నిఘా సడలింది. పరాన్నజీవి కూడా క్లోరోక్విన్‌ను తట్టుకోవడం మొదలుపెట్టింది. కొత్త మందు అవసరం పడింది.

8. తూ యూయూ

ఆ మందు చైనా నుంచి వచ్చింది. వియత్నాం యుద్ధంలో సైనికులను మలేరియా పీడిస్తుండడంతో 1967 మే 23న చైనాలో ఒక రహస్య పరిశోధన పథకం మొదలైంది. ఆ తేదీ మీదనే దానికి 523 అని పేరు. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య పరిశోధనాలయంలో పనిచేస్తున్న ఔషధశాస్త్రజ్ఞురాలు తూ యూయూకు ఒక బృందాన్ని అప్పగించారు. ఆమె పాత వైద్యగ్రంథాలను వెతికి, నాటువైద్యులను అడిగి రెండువేల దాకా యోగాలు సేకరించారు. వాటి నుంచి ఎంపిక చేసిన మూలికల సారాలను ఎలుకల మీద పరీక్షించారు.

మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క సారం ఒకసారి బాగా పనిచేసింది, మరోసారి పనిచేయలేదు. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు చాలామంది దానిని వదిలేస్తారు. ఆమె తిరిగి పుస్తకాల దగ్గరికి వెళ్ళారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ గ్రంథంలో ఈ మూలికను నీటిలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కషాయంగా కాచమని లేదు! వేడి వల్ల అసలు పదార్థం చెడిపోతోందేమో అని ఆమెకు తోచింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకలలోని పరాన్నజీవులను పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషులకు ఇచ్చేముందు ఆమె, సహోద్యోగులు తామే తాగి చూశారు. 1972లో హైనాన్ దీవిలో రోగులకు ఇచ్చారు. ఆ పదార్థమే ఆర్టెమిసినిన్.

1977లో దాని నిర్మాణం గురించిన వ్యాసం అచ్చయినప్పుడు రచయితల పేర్లు లేవు. బృందం పేరే ఉంది. ఆనాటి చైనాలో అది పద్ధతి. అందువల్ల ఎవరు ఏం చేశారో బయటివారికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఆమెకు 2011లో లాస్కర్ పురస్కారం, 2015లో నోబెల్ బహుమతిలో సగం వచ్చాయి. మిగిలిన సగాన్ని గుండ్రటి పురుగుల వ్యాధులకు మందు కనుగొన్న కాంప్‌బెల్, ఒమూరా పంచుకొన్నారు. ఆమెకు డాక్టరేట్ లేదు, విదేశాల్లో చదవలేదు. 523 పథకంలో వందలమంది పనిచేశారు. మందును శుద్ధిచేయడంలో, నిర్మాణం తేల్చడంలో ఇతర బృందాల వాటా పెద్దది. నోబెల్ నియమాల ప్రకారం ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదు. 1902లో తలెత్తిన ప్రశ్న మళ్ళీ వచ్చిందని మీరు గమనించే ఉంటారు.

ఇక నల్లరేణువుల సంగతి. ఆర్టెమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులను కలిపే వంతెన ఒకటి ఉంది. హీమ్‌లోని ఇనుము తగలగానే ఆ వంతెన తెగి, పరాన్నజీవి ప్రోటీన్లను దెబ్బతీసే చురుకైన ముక్కలు పుడతాయి. క్లోరోక్విన్ దారి వేరు. అది హీమ్‌ను స్ఫటికాలుగా మార్చనివ్వదు. విషం లోపలే పేరుకొనిపోతుంది. అంటే లావెరాన్ ఆరా తీసిన, రాస్‌కు జాడ చెప్పిన ఆ నల్లని వ్యర్థం పుట్టే చోటే ఈ రెండు మందులూ దెబ్బకొడుతున్నాయి. ఆర్టెమిసినిన్‌కు కూడా కొంత నిరోధం కంబోడియా పశ్చిమ ప్రాంతంలో కనిపించింది. అందుకే దానిని ఒంటరిగా కాకుండా మరో మందుతో కలిపి ఇస్తారు. జ్వరం వచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు మీ వేలి నుంచి తీసిన రక్తపుచుక్కలో ల్యాబ్ టెక్నీషియన్ పరాన్నజీవితోపాటు ఆ రేణువులను కూడా చూస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లార్వాల నుంచి పెంచిన దోమలకు బదులు ఆసుపత్రి గదిలో పట్టుకొన్న దోమలను రాస్ వాడి ఉంటే, ఆగస్టు 20 నాటి ఫలితంపై ఎలాంటి అభ్యంతరం చెప్పవచ్చు?

2. మీరు 1902 నోబెల్ సంఘంలో సభ్యులు. రాస్, గ్రాస్సి, లావెరాన్, మాన్సన్ పేర్లు మీ ముందున్నాయి. ఎవరెవరికి ఇస్తారు? పది వాక్యాలకు మించకుండా రాయండి.